చిన్న కారు, చేతి గేరు: బర్మింగ్‌హామ్‌లో ఒక చరిత్ర

గత ఉగాదినాడు హాల్లో పంచాంగ శ్రవణం జరుగుతుండగా బయట కార్‌పార్కులో మరో శ్రవణం జరిగింది. మన సంఘంలోని పదిమంది కుర్రవాళ్ళు ఒక పాత ఎర్ర కారు చుట్టూ మూగి, బానెట్టు ఎత్తి, ఇంజను చప్పుడు చెవులు రిక్కించి వింటున్నారు. లోపలికి వస్తున్న పెద్దలలో ఒకరు, "పండగపూట కూడా ఈ మెకానిక్ షెడ్డు గోల ఏమిటండీ?" అని నాతోనే అన్నారు. ఆ కారు మాదేనని చెప్పడానికి అప్పుడు నోరు రాలేదు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. కారు మాదే. ఆ గోల వెనక అరవై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. అందులో చాలా భాగం మనం కాపురముంటున్న ఈ బర్మింగ్‌హామ్ ఊళ్ళోనే జరిగింది.

ముందుగా నా సంగతి రెండు ముక్కలు. నేను విజయవాడలో పాలిటెక్నిక్ చదివాను. మా మేనమామగారికి ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టే షెడ్డు ఉండేది. ఆ రోజుల్లో లారీ కొన్నామంటే ఇంజను, చాసిస్, నాలుగు చక్రాలు కొన్నట్టే. పైన తలుపులుండవు, టాపు ఉండదు. డ్రైవరు ఒక చెక్కపెట్టె మీద కూర్చుని, తలకు తువ్వాలు చుట్టుకుని, ఎండలో వానలో దాన్ని ఆటోనగర్‌కు తోలుకొచ్చేవాడు. అక్కడ వడ్రంగులు, వెల్డర్లు, పెయింటర్లు కలిసి దానికి రూపం ఇచ్చేవారు. ఓనరుగారి ఇష్టదైవం, పిల్లల పేర్లు, రంగు కుచ్చులు, నిమ్మకాయ, మిరపకాయలు అన్నీ అమరాకనే అది 'మా బండి' అయ్యేది. కంపెనీ పంపింది పంపినట్టు వాడుకోవడం మావాళ్ళకు తెలియదు. ఈ మాట పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

1979లో నేను ఈ ఊరు వచ్చి ఒక చిన్న మెషిన్ షాపులో పనికి కుదిరాను. మరుసటి ఏడు కొన్న మొదటి కారు ఒక పాత మినీ. ఇండియా లైసెన్సు ఇక్కడ స్థిరపడినవారికి ఒక్క ఏడాదే చెల్లుతుంది కదా! ఎల్ బోర్డు తగిలించుకుని, క్లచ్చి, బ్రేకు, అద్దం అని జపం చేస్తూ ఆ మినీలోనే పరీక్షకు పోయాను. మొదటిసారి తప్పాను, రెండోసారి గట్టెక్కాను. సభ్యులలో చాలామందికి ఇది సొంత అనుభవమే అయి ఉంటుంది.

మినీ పుట్టుక చెప్పుకోదగ్గది. 1956లో సూయజ్ కాలువ గొడవ వచ్చి బ్రిటన్‌లో పెట్రోలుకు రేషను పెట్టారు. తక్కువ పెట్రోలు తాగే చిన్న కారు కావాలని బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అధిపతి లెనర్డ్ లార్డ్ ఆ పనిని అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరుకు అప్పగించాడు. ఈ ఇసిగోనిస్ పుట్టింది ఇంగ్లండులో కాదు, 1906లో స్మిర్నాలో. ఇప్పుడది తుర్కియేలోని ఇజ్మీర్. 1922లో అక్కడి యుద్ధంలో ఇల్లూ వాకిలీ వదిలి, దారిలో తండ్రిని పోగొట్టుకుని, తల్లితో ఈ దేశం చేరిన శరణార్థి ఆయన. ఈ దేశం తన ముద్దుబిడ్డగా చెప్పుకునే కారును గీసింది మనలాగే బయటినుంచి వచ్చినవాడన్నమాట.

ఆయన చేసిన యుక్తి ఏమిటంటే, ఇంజనును నిలువుగా కాక అడ్డంగా పెట్టాడు. గేరుపెట్టెను ఇంజను కిందనే, నూనె ఉండే తొట్టిలో అమర్చాడు. చక్రాలు పది అంగుళాలకు కుదించాడు. పది అడుగుల పొడవు కారులో నలుగురు సుఖంగా కూర్చునే చోటు దొరికింది. 1959 ఆగస్టు 26న అది లోకానికి పరిచయమైంది. మన ఊరి లాంగ్‌బ్రిడ్జ్ ఫ్యాక్టరీలోను, ఆక్స్‌ఫర్డ్ దగ్గరి కౌలీలోను తయారయింది. ఇంజను 848 సీసీ, 34 హార్స్ పవర్. ఇసిగోనిస్‌గారి ఉద్దేశంలో అది సంసారుల బండి, అంతే.

కాని జనం ఊరుకోలేదు. చక్రాలు నాలుగు మూలలకూ జరిగి ఉండడంతో మలుపుల్లో ఆ కారు నేలకు అతుక్కున్నట్టు తిరిగేది. పందెపు కార్లు కట్టే జాన్ కూపర్ ఇది కనిపెట్టి కంపెనీవారిని ఒప్పించాడు. 1961లో 997 సీసీ, 55 హార్స్ పవర్‌తో మినీ కూపర్ వచ్చింది. విల్ట్‌షైర్‌లో డౌన్‌టన్ అనే పల్లెలో డానియల్ రిచ్‌మండ్ అనే ఆయన సిలిండరు హెడ్డులోని దారులను అరగదీసి నున్నగా చేసి, అదే ఇంజనుచేత ఎక్కువ గాలి పీల్పించాడు. కంపెనీవారే తరవాత ఆయన సలహా తీసుకున్నారు. 1964, 1965, 1967 సంవత్సరాల్లో మాంటికార్లో ర్యాలీని ఈ బుల్లి కారు గెలిచింది. 1966లో కూడా ముందు వచ్చిన మూడూ మినీలే, కాని హెడ్‌లైట్ల నిబంధన చూపి వాటిని కొట్టేశారు. తన కన్న ఎన్నో రెట్లు పెద్ద ఇంజన్లున్న కార్లను అది మంచుకొండల్లో ఓడించింది. ఇక ఆగుతారా? శని, ఆదివారాలు వచ్చాయంటే ఇక్కడి కుర్రకారు ఇంటిముందు జాకీ ఎత్తి కూర్చోవడం అలవాటైపోయింది.

మినీకి వెనక ఉండేది చిన్న డిక్కీయే. వెనక అద్దంతో సహా తలుపు మొత్తం పైకి లేచి, సీటు మడిస్తే సామాను పట్టే 'హ్యాచ్‌బ్యాక్' చిన్న కార్లలో ఇంటింటా కనపడడం 1970లలో మొదలైంది. 1972లో ఫ్రాన్సువారి రెనో 5, 1974లో జర్మనీవారి ఫోక్స్‌వాగన్ గోల్ఫ్, 1976లో ఫోర్డ్ ఫియస్టా వచ్చాయి. వాటిలో చరిత్రను మలుపు తిప్పింది గోల్ఫ్. ఆ కంపెనీ ఇంజనీర్లు కొందరు మామూలు గోల్ఫ్‌లో 1600 సీసీ ఇంజను పెట్టి 110 హార్స్ పవర్ రాబట్టి 'జి.టి.ఐ.' అన్నారు. 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో చూపి, 1976లో అమ్మకానికి పెట్టారు. బరువు 810 కిలోలు మాత్రమే. అయిదువేల కార్లు అమ్ముడైతే చాలుననుకున్నారు. తొలి తరం ముగిసేసరికి నాలుగు లక్షల అరవై వేలు దాటాయి! లోపల గళ్ళ గుడ్డ సీట్లు, గేరు కర్రకు గోల్ఫు బంతి ఆకారపు పిడి. అవి గునిల్డ్ లిల్యెక్విస్ట్ అనే మహిళ ఆలోచనలు. తరవాత 1981లో ఫియస్టా ఎక్స్.ఆర్.2, 1984లో పెజో 205 జి.టి.ఐ. వచ్చాయి.

మన ఊరి జవాబు మెట్రో. 1980 అక్టోబరులో వచ్చిన ఈ హ్యాచ్‌బ్యాక్ లాంగ్‌బ్రిడ్జ్‌లోనే తయారయింది. రెండేళ్ళకు దానికి ఎం.జి. రకం జోడించారు. 1275 సీసీ ఇంజను, 72 హార్స్ పవర్, నాలుగు గేర్లు, ఎర్రటి సీటు బెల్టులు. 1989లో నేను నా జీవితంలో మొదటిసారి షోరూముకు వెళ్ళి కొత్త కారు కొన్నాను. అది ఎర్ర ఎం.జి. మెట్రో. మా ఆవిడ కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. పక్కింటి తెల్లాయన కిటికీలోంచి చూసి, తరవాత వచ్చి, "నిమ్మకాయలు టైర్లకు మంచివా?" అని అడిగాడు.

మన సంఘం పాత సభ్యులకు ఆ కారు గుర్తుండాలి. వెనక సీటు మూడింట రెండొంతులు ఒక పక్క, ఒక వంతు ఒక పక్క విడివిడిగా మడవవచ్చు. ఒక పక్క పులిహోర గిన్నె, రెండో పక్క మా అబ్బాయి, మధ్యలో వీణ పెట్టుకుని ఎన్ని సంక్రాంతులకు, ఎన్ని ఉగాదులకు వచ్చామో!

ఇక్కడ కాస్త సాంకేతికం చెప్పాలి. చిన్న ఇంజనుకు బలం అన్ని వేగాల్లోను ఒకేలా ఉండదు. కొన్ని చుట్ల మధ్యనే దానికి ఊపు వస్తుంది. ఆ ఊపులో దాన్ని నిలబెట్టేది గేరు. ఎక్కడం వచ్చినప్పుడు ముందే ఒక గేరు దించడం, మలుపు దాటగానే అందుకోవడం, ఇవన్నీ నడిపేవాడి చేతిలో ఉంటాయి. తక్కువ బలం ఉన్న తేలిక బండిలో నేర్పుకు విలువ ఎక్కువ. అందుకే ఈ కార్లను ప్రేమించేవారు చేతి గేరును వదలరు. ఇక మార్పులంటారా, గాలి బాగా పీల్చే ఫిల్టరు, కార్బురేటరులో వేరే సూది, వెడల్పు సైలెన్సరు గొట్టం, చెక్కిన హెడ్డు. డేవిడ్ విజార్డ్ అనే ఇంజనీరు ఈ ఒక్క ఇంజను గురించే పెద్ద పుస్తకం రాశాడంటే చూడండి. మెట్రో సస్పెన్షన్‌లో స్ప్రింగుల బదులు అలెక్స్ మోల్టన్ కనిపెట్టిన గ్యాసు, ద్రవం నింపిన గుళ్ళు ఉంటాయి. ఆ ద్రవాన్ని కొంచెం వదిలితే కారు నేలకు దిగుతుంది. చూడడానికి బాగుంటుంది, గుంతలో పడితే నడుము విరుగుతుంది.

1990ల్లో ఈ సరదా ఒక వెర్రిగా పెరిగింది. 'మ్యాక్స్ పవర్' అనే మాసపత్రిక 1993లో పుట్టి కుర్రవాళ్ళకు గ్రంథమైంది. మన ఊరి ఎన్.ఇ.సి.లో వాళ్ళ ప్రదర్శన జరిగితే రోడ్లు నిండిపోయేవి. 1996లో వచ్చిన సిత్రోయెన్ సాక్సో కొత్తగా కొన్న కుర్రవాళ్ళకు ఇన్సూరెన్సు ఉచితమని ప్రకటించడంతో అది వీధివీధినా వెలిసింది. అంతకుముందు జరిగింది కూడా చెప్పాలి. 1990 ప్రాంతంలో ఇలాంటి వేగపు చిన్న కార్లను దొంగిలించి, సరదాకు తోలి, గోడలకు గుద్దడం దేశమంతటా పెద్ద బెడద అయింది. 1992లో అందుకోసం ప్రత్యేక చట్టమే చేశారు. కుర్రవాళ్ళ ఇన్సూరెన్సు కారు ధరను మించిపోయింది. కొత్త కార్లకు తాళంచెవిలోనే ఎలక్ట్రానిక్ కాపలా ఉండాలన్న నిబంధన 1998లో వచ్చింది.

ఆ ఇన్సూరెన్సు దగ్గరే నేను తప్పు చేశాను. 1997లో మా అబ్బాయికి పద్దెనిమిదేళ్ళు. మెట్రో వాడి చేతికిచ్చాను. రోజూ కాలేజీకి నడిపేది వాడు, కాని పాలసీలో ముఖ్య డ్రైవరుగా నా పేరే రాసి, వాడిని రెండో డ్రైవరుగా చేర్చాను. డబ్బు సగానికి తగ్గింది. "అందరూ ఇదే చేస్తున్నారు" అని నాకు నేను చెప్పుకున్నాను. వాడేమో పిజ్జాలు మోసి సంపాదించిన డబ్బుతో సైలెన్సరు మార్చాడు, అంగుళం పెద్ద అల్లాయ్ చక్రాలు వేశాడు, కారును నేలకు దించాడు. చూసి మందలించానే గాని కంపెనీకి తెలియజేయలేదు. 1998లో ఒక వాన సాయంత్రం ఆగి ఉన్న వ్యానును వాడు వెనకనుంచి తాకాడు. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగలలేదు. పరిశీలనకు వచ్చిన మనిషి చక్రాలు చూశాడు, సైలెన్సరు చూశాడు, రోజూ ఎవరు నడుపుతారని అడిగాడు. అంతే, పాలసీ రద్దయింది. వ్యాను బాగుచేయించే ఖర్చు మేమే కట్టుకున్నాం.

ఆ రాత్రి వాడిని అనరాని మాటలన్నాను. "మీ తాత పొలం అమ్మి నన్ను చదివించింది నువ్వు ఇనుముకు రంగులు వేస్తావని కాదు" అన్నాను. వాడు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. కారును గ్యారేజీలో పెట్టి తాళం వేశాను. ఆ సెప్టెంబరులో వాడు యూనివర్సిటీకి, అక్కడినుంచి ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. పండగలకు వచ్చేవాడు, పలకరించేవాడు, గ్యారేజీవైపు మాత్రం చూసేవాడు కాదు. నిజానికి ఆ పాలసీ కాగితం మీద సంతకం నాది. ఈ సంగతి వాడితో నేను చెప్పలేదు.

చరిత్ర మాత్రం ఆగలేదు. పాత మినీ చివరి కారు 2000 అక్టోబరులో లాంగ్‌బ్రిడ్జ్ గేటు దాటింది. అప్పటికి తయారైనవి యాభై మూడు లక్షల పైచిలుకు. 2005 ఏప్రిల్‌లో ఎం.జి. రోవర్ దివాలా తీసింది. ఆరువేల మందికి పైగా పని పోయింది, వారిలో నాకు తెలిసినవారూ ఉన్నారు. 'మ్యాక్స్ పవర్' 2011లో మూతపడింది. నలభై ఏడేళ్ళు నడిచిన ఫియస్టా కూడా 2023 జులైతో ముగిసింది. ఇక మెట్రోలకు పట్టిన గతి వేరు. మినీకి, మెట్రోకు ఇంజను ఒకే వంశానిది. మినీ ప్రేమికులు 1275 సీసీ ఇంజను కోసం మెట్రోలను కొని, గుండె తీసుకుని, ఒళ్ళు తుక్కుకు వేసేవారు. లక్షల్లో పుట్టిన కారు ఇవాళ రోడ్డు మీద కనిపిస్తే జనం ఆగి చూడడానికి అదొక కారణం.

ఇండియాలోనూ ఇలాంటి కథే నడిచింది. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతులమీదుగా తొలి మారుతీ 800 తాళాలు అందాయి. 796 సీసీ, మూడు సిలిండర్లు, చేతి గేరు. 2014లో అది ఆగిపోయేదాకా మన ఊళ్ళలో ఎందరు స్టీరింగు పట్టింది దాని మీదే కదా! దానికీ పెద్ద సైలెన్సర్లు, వెడల్పు టైర్లు, నల్ల ఫిల్ములు వచ్చాయి. 2012లో సుప్రీంకోర్టు అద్దాల ఫిల్ములను నిషేధించింది. 2019 జనవరిలో, తయారీదారు ఇచ్చిన నమూనాకు భిన్నంగా బండిని మార్చరాదని తీర్పు చెప్పింది. ఆటోనగర్ మేస్త్రీల చేతుల్లో పెరిగిన నాకు ఆ వార్త చదివితే నవ్వూ వచ్చింది, అందులోని న్యాయమూ తెలిసింది. బ్రేకు, దీపం, టైరు, ఇవి ఒక్కడి సరదాకు సంబంధించినవి కావు, ఎదురుగా వచ్చేవాడి ప్రాణానికి సంబంధించినవి.

2021 జూన్ 1న మన ఊరి నడిబొడ్డున స్వచ్ఛవాయు మండలం మొదలైంది. పాత పెట్రోలు కారు రింగురోడ్డు లోపలికి వస్తే రోజుకు 8 పౌండ్లు కట్టాలి. మా మెట్రోది కార్బురేటరు కాలం, పొగ శుద్ధిచేసే పరికరం దానికి లేదు. కదలని కారు గ్యారేజీలో ఎందుకు, తుక్కుకు ఇచ్చేద్దామని నిశ్చయించి, అబ్బాయికి ఫోనులో మాటవరసకు చెప్పాను. ఆ శనివారమే వాడు మూడు గంటలు ప్రయాణం చేసి వచ్చాడు. ఇరవైమూడేళ్ళ తరవాత ఆ తాళం తీశాం. ఎర్ర బెల్టులు అలాగే ఉన్నాయి. వెనక సీటు సందులో ఎప్పటిదో ఒక వేరుసెనగ పలుకు, పులిహోరలోది, ఎండి రాయై ఉంది.

వాడు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తుంటే, "ఒరేయ్, ఆనాడు తప్పు నాదిరా. ఆ కాగితం రాసింది నేను" అన్నాను. "తెలుసు నాన్నా. చక్రాల సంగతి చెప్పకపోవడం నాది" అన్నాడు. తరవాత ఇద్దరం జాకీ కోసం వెతుక్కున్నాం.

మూడేళ్ళు పట్టింది. తలుపుల కింద రేకు కోసి కొత్తది అతికించాం. హెడ్డు వాడు తీస్తే, అరగదీసే పని నేను చేశాను. మెషిన్ షాపులో ముప్పై ఏళ్ళు చేసిన చెయ్యి కదా! కారును మళ్ళీ కంపెనీ ఎత్తుకు లేపాం. సైలెన్సరు మాత్రం వాడిదే ఉంచాం, నా కోరిక మీద. ఈసారి ప్రతి మార్పూ ఇన్సూరెన్సువారికి రాసి పంపాం.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. మీ పిల్లలు కారు మీద డబ్బు తగలేస్తున్నారని కోప్పడేముందు ఒకసారి వెళ్ళి చూడండి. వాళ్ళు చేస్తున్నది మన ఆటోనగర్ పనే. పాలసీ ఎవరి పేరున ఉండాలో వారి పేరునే ఉంచండి. మార్చిన ప్రతిదీ చెప్పమనండి. ఖర్చు ఎక్కువైతే మార్పులు తగ్గించుకోమనండి. దాచడం మాత్రం మనం నేర్పవద్దు.

మా మనవరాలికి ఇప్పుడు పదిహేడేళ్ళు. స్నేహితురాళ్ళందరూ ఆటోమేటిక్ కారులోనే పరీక్షకు వెళుతున్నారట. అలా పాసైతే చేతి గేరు కారు నడిపే హక్కు రాదు. ఇక పెట్రోలుతో మాత్రమే నడిచే కొత్త కార్లను 2030నుంచి అమ్మరాదని ప్రభుత్వ నిర్ణయం. కరెంటు కార్లకు మార్చే గేర్లు ఉండవు. ఆ పిల్లకు క్లచ్చి నేర్చుకోవలసిన అవసరం నిజంగా లేదు. అయినా పోయిన నెల ఒక ఖాళీ ప్రైవేటు స్థలంలో, యజమాని అనుమతితో, మెట్రోలో కూర్చోబెట్టాం. మూడుసార్లు ఇంజను ఆగిపోయింది. నాలుగోసారి కారు ఒక కుదుపుతో కదిలింది. వెనక సీట్లో మా అబ్బాయి, పక్కన నేను. "తాతయ్యా, ఇప్పుడు రెండో గేరా?" అని అడిగింది. ఇంజను చప్పుడు విని నువ్వే చెప్పమన్నాను. కాసేపు విని, తనే వేసింది.

2029లో మా కారుకు నలభై నిండుతాయి. ఆ మరుసటి ఏడు ఏప్రిల్‌నుంచి అది పన్ను లెక్కలో చారిత్రక వాహనమవుతుంది, ఊళ్ళోకి రావడానికి 8 పౌండ్లు కట్టనక్కరలేదు. నాకు అప్పటికి డెబ్భై ఏడు వస్తాయి. ఆ ఏటి సంబరాలకు ఎవరు నడుపుతారో ఇప్పుడే చెప్పలేను గాని, పులిహోర గిన్నె వెనకాలే వస్తుంది. కార్‌పార్కులో బానెట్టు ఎత్తి ఉంటే దయచేసి విసుక్కోకుండా ఒక నిమిషం ఆగి వినండి.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.